మంచం వెనక గోడ

అక్టోబర్ 21, మంగళవారం

ఈ డైరీ ఎవరి కోసమూ కాదు. నేను తాతనవుతున్నానని మా ఊరు బ్రేజాండ్‌లో అందరికీ చెప్పేశాను. రెండోసారి చెప్పబోతే జనం సైకిలు దిగకుండా వెళ్ళిపోతున్నారు. అందుకని కాయితానికి చెప్పుకుంటున్నాను. కాయితం పారిపోదు.

నా కూతురు హెస్టర్‌కి ఎనిమిదో నెల. దాని వయసు ముప్పై ఆరు. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఆస్పత్రిలోనే, అదే వార్డు, అదే పచ్చ కర్టెన్లు. ఆ దారిన కారు వెళ్తే ఇప్పటికీ అది ముఖం తిప్పుకుంటుంది. ఈసారి బిడ్డ నిలిచింది. తన్నుతోంది. నా చెయ్యి పెట్టి చూపించింది. నా డెబ్భై మూడేళ్ళ జీవితంలో ఇంత బలమైన తన్ను ఎవరూ తన్నలేదు.

ఈ రోజు మంత్రసాని ఫెన్నా క్యాంపర్ చూడడానికి వచ్చింది. హెస్టర్, అల్లుడు యెల్లె ఉండేది ఆ పాత క్యాంపర్‌లోనే, మంచమూ వంటా అన్నీ లోపలే ఉన్న బండి. నా స్నేహితుడు సీమ్ వాళ్ళ తులిప్ గడ్డల షెడ్డు వెనక నిలిపారు. ఇళ్ళు దొరక్క రెండేళ్ళ కింద అందులో చేరారు. కాన్పు ఇంట్లోనే అంటుంది హెస్టర్. దాని ఇల్లంటే ఆ బండే.

ఫెన్నా బూట్లు విప్పి లోపలికి వెళ్ళి చుట్టూ చూసింది. మంచం నా నడుం ఎత్తుకి రావాలి, లేకపోతే కాన్పయ్యేసరికి మంచం పట్టేది నేను, మీ అమ్మాయి కాదు అంది. అందరం నవ్వాం. హెస్టర్ అందరికంటే ఎక్కువ నవ్వింది.

రేపే మంచం ఎత్తుతాం. భగవంతుడా, ఎంత మంచి రోజు.

అక్టోబర్ 22

హడావుడిగా రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా.

మంచం తలవైపు అంచు బండి వెనక గోడకి కొట్టిన కర్ర రీపరు మీద ఆని ఉంటుంది. దాన్ని విప్పి పైకి జరపాలి. యెల్లె స్క్రూడ్రైవర్ పెట్టాడు. స్క్రూ తిరగలేదు. ఊడి వాడి చేతిలోకి వచ్చింది. రెండోది నేను వేళ్ళతో లాగాను. దానితో పాటు తడి పొగాకులాంటి నల్లటి ముద్ద వచ్చింది. అది ఒకప్పుడు కర్ర.

వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. అడుగున కుళ్ళు పట్టిన గడ్డల పెట్టె మూత తీస్తే వచ్చే వాసన. పైన ఉన్న గడ్డలు నున్నగా, బంగారు రంగులో ఉంటాయి. చెయ్యి లోపలికి పెడితే తెలుస్తుంది.

యెల్లె నా ముఖం చూసి, ఏంటి మావయ్యా, శవాన్ని చూసినట్టు చూస్తావేంటి, చిన్న ముక్కే కదా పోయింది అన్నాడు. నేను గోడ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. పాలలో పడ్డ బిస్కెట్‌లా లోపలికి దిగింది. వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

బిడ్డ తల ఆ గోడకి జానెడు దూరంలో ఉండబోతోంది. ఇంకేమీ ఆలోచించలేకపోతున్నాను.

అక్టోబర్ 24

సీమ్ దగ్గర్నుంచి చెమ్మ చూసే మీటర్ తెచ్చాను. రెండు సూదులు గోడకి గుచ్చితే అంకె చెబుతుంది. గుచ్చిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి అంకె వేశాను. కాసేపటికి గోడంతా అమ్మవారు పోసిన ఒళ్ళులా తయారైంది. కిటికీ కింద అన్నీ పెద్ద అంకెలే. మీటర్ కీచుమంటూనే ఉంది.

సీమ్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఒరేయ్ గెర్‌బ్రాండ్, బండికి వయసెంత అన్నాడు. ముప్పై దాటింది అన్నాను. నీకు ముప్పై దాటినప్పుడే మోకాళ్ళు కీచుమన్నాయి, దాన్నెందుకు తిడతావు అన్నాడు.

చెమ్మ కిటికీ కింద ఉంది, కాబట్టి కారేది కిటికీయే అని తేల్చాను. యెల్లె సరే అన్నాడు. వాడు అన్నిటికీ సరే అంటాడు.

హెస్టర్‌కి అంతా చెప్పలేదు. కొంచెం చెమ్మ అన్నాను. అది నా కళ్ళలోకి చూసి, నాన్నా నీకు అబద్ధం రాదు, ఎందుకు కష్టపడతావు అంది.

అక్టోబర్ 28

కిటికీ మొత్తం ఊడదీశాం. పాత సీలెంట్ ఎండిన జున్నులా రాలింది. కొత్త టేపు వేసి బిగించాం. ఆ తర్వాత ఆరబెట్టడం. ఆ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. జూలైలో గడ్డలు తవ్వగానే వేడిగాలి కొట్టి ఆరబెట్టకపోతే పంట మొత్తం కుళ్ళుతుంది. జీవితమంతా చేసింది అదే. సీమ్ షెడ్డులోంచి గడ్డల ఫ్యాను దొర్లించుకొచ్చి, హీటర్ తగిలించి, గోడ మీదికి తిప్పాను. బండి ఊగిపోయింది. మూడు రోజులు అలా నడిపాను.

ఈ రోజు మీటర్ కీచుమనలేదు. ఎక్కడ గుచ్చినా పొడిగానే ఉంది. కర్ర పోయిన చోట పైనుంచి కొత్త ప్లైవుడ్ వేశాం. మంచాన్ని గోడకి తగిలించకుండా, నాలుగు దుంగల మీద విడిగా నిలబెట్టాం. ఫెన్నా వచ్చి పరుపు మీద చెయ్యి వేసి, ఎత్తు సరిగ్గా ఉంది అంది.

నేను ఏడ్చాను. ఎవరూ చూడలేదు. సీమ్ చూశాడు, అయితే వాడిని లెక్కలోకి తీసుకోను.

నవంబర్ 2

రాత్రంతా వాన. సముద్రపు గట్టు వైపు నుంచి గాలి. వెళ్ళి చూడాలంటే భయంగా ఉంది.

నవంబర్ 3, సోమవారం

చూశాను.

కొత్త ప్లైవుడ్ అడుగు అంచు నల్లగా ఉంది. కిటికీ పక్కన మిరియాల పొడి చల్లినట్టు బూజు చుక్కలు. వారం కింద అవి లేవు. మీటర్ పెట్టగానే కీచుమంది.

నేనేం చేశానో కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. గడ్డకి నాలుగు వైపులా గాలి తగులుతుంది, కాబట్టి ఆరుతుంది. గోడకి ఒకటే ముఖం. నేను ఆ ముఖాన్ని ఆరబెట్టాను. వెనక చలి ఆపడానికి పెట్టిన థర్మోకోల్, కర్ర, అన్నీ తడిగానే ఉన్నాయి. పైగా మూడు రోజులు వెచ్చగా పెట్టాను. బూజుకి పొత్తిళ్ళు పరిచాను.

హెస్టర్ దగ్గుతోంది. మామూలు జలుబే నాన్నా అంటుంది. నాకు ప్రతి దగ్గూ గోడలోంచి వచ్చినట్టే ఉంది.

ఫెన్నాకి ఫోన్ చేశాను. చెప్పకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అయినా చేశాను. ఆమె వచ్చి చూసి మెల్లగా మాట్లాడింది. ఈ గాలి పసిబిడ్డకి పెట్టలేను హెస్టర్, గోడ శుభ్రం అయితే ఇక్కడ, కాకపోతే ఆస్పత్రి, ఇందులో బేరం లేదు అంది. హెస్టర్ బల్ల మీది చెంచాని తిప్పుతూ కూర్చుంది. ఫెన్నా వెళ్ళాక, ఆ కర్టెన్లు మార్చారో లేదో అంది. నాతో కాదు. చెంచాతో.

నవంబర్ 5

హెస్టర్‌నీ యెల్లెనీ నా ఫ్లాట్‌కి తెచ్చేశాను. ముసలివాళ్ళ భవనం, మూడో అంతస్తు, ఒకటే గది. వాళ్ళకి మంచం, నాకు సోఫా. పక్కింటావిడ గోడకి చెవి ఆనించి పడుకుంటోందని యెల్లె అనుమానం.

గోడ పూర్తిగా విప్పాం. ప్లైవుడ్ గోళ్ళకే వచ్చేసింది. వెనక థర్మోకోల్ పిండితే నీళ్ళు. రీపర్లు నల్లగా, మెత్తగా. అయితే అంతకంటే భయపెట్టింది మరొకటి. నలుపు కిటికీ దగ్గర మొదలవలేదు. కిటికీ మీదుగా పైకి పోయింది. నీళ్ళు వెళ్ళిన దారి కర్ర మీద మరకలాగా కనబడుతుంటే వేలు పెట్టుకుంటూ పోయాను. కిటికీ దాటి, ఎడమకి తిరిగి, పైకప్పు కిందికి. అక్కడ రెండు బోల్టులు. తుప్పు కన్నీటి చారల్లా కారి ఉంది. వాటి అవతల, బయట ఏముందో యెల్లె నాకంటే ముందే చెప్పాడు.

వెనక గోడకి బిగించిన సైకిళ్ళ స్టాండు.

నవంబర్ 6

అనుమానం చాలదు. ఒకసారి కిటికీ అని నమ్మి మోసపోయాను. ఈసారి కళ్ళతో చూడాలి.

సీమ్ బయట గొట్టంతో నీళ్ళు కొట్టాడు. నేను లోపల టార్చి పట్టుకుని బోల్టుల కింద ముక్కు పెట్టి కూర్చున్నాను. ఏమీ రాలేదు. సీమ్ ఇంకాసేపు కొట్టాడు. ఏమీ లేదు. ఇదీ కాకపోతే ఇంకెక్కడ వెతకాలి.

అప్పుడు యెల్లె తన రెండు బ్యాటరీ సైకిళ్ళూ తెచ్చి స్టాండు మీద ఎక్కించాడు. ఒక్కొక్కటి దూడంత బరువు. గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు వాటిని పట్టుకుని ఊపాడు. గోడ రేకు లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు కదిలింది. బోల్టు చుట్టూ ఒక చుక్క పుట్టింది. నిండింది. జారింది. దాని వెనకే ఇంకొకటి.

ఆ స్టాండు మామూలు సైకిళ్ళ కోసం పెట్టింది. ఆ రోజుల్లో బ్యాటరీ సైకిళ్ళు ఎక్కడివి. అయినా సైకిలు లేకుండా క్యాంపర్ తీసుకుపోయే మనిషి ఈ దేశంలో పుట్టలేదు. సీమ్ గొట్టం కట్టేసి, ఒరేయ్ యెల్లె, పెళ్ళాన్ని వదిలి వెళ్ళమంటే వెళ్తావు గానీ సైకిల్ని వదలవుగా అన్నాడు. రోజూ యెల్లె ఇలాంటివాటికి ఎదురు జోకు వేస్తాడు. ఈ రోజు సైకిళ్ళు దింపి, నేనే మావయ్యా, నేనే నీళ్ళు పోశాను దాని మంచంలో అని మట్టిలో కూర్చుండిపోయాడు. లే రా, తడి మట్టిలో కూర్చుంటే నీకూ బూజు పడుతుంది అన్నాను. నాకు కోపం రాలేదు. భయం తప్ప దేనికీ చోటు లేదు లోపల.

నవంబర్ 8

స్టాండు తీసేశాం. కన్నాలు మూశాం. కుళ్ళిన కర్రంతా ఉలితో గీకి, థర్మోకోల్ మొత్తం తీసి సంచుల్లో నింపాం. బూజు మందు కొట్టి తుడిచాం. ఇప్పుడు వెనక గోడంటే ఒక్క అల్యూమినియం రేకు. డబ్బా మూత కంటే కాస్త మందం. వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. ఇంతకాలం వాళ్ళు దీని పక్కన పడుకున్నారా అనిపించింది. ఇంతేనా మనిషికీ సముద్రానికీ మధ్య ఉండేది.

గాలి వచ్చినప్పుడల్లా రేకు డప్పులా మోగుతోంది. కొత్త రీపర్లు, ఫోమ్ పలకలు, జిగురు ఆర్డర్ ఇచ్చాం. సోమవారం వస్తాయన్నారు.

నవంబర్ 11

సోమవారం రాలేదు. ఈ రోజూ రాలేదు. సాయంత్రం సెయింట్ మార్టిన్ పండగని పిల్లలు కాగితపు లాంతర్లతో తలుపు తలుపూ తిరిగి పాడారు. హెస్టర్ పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి అందరికీ మిఠాయి పంచింది. వచ్చే ఏడు మనింట్లోనూ ఒక లాంతరు నాన్నా అంది. నేను నవ్వాను. లోపల మాత్రం, అలా గట్టిగా అనకమ్మా, ఎవరైనా వింటారు అనుకున్నాను. ఎవరు వింటారో నాకే తెలియదు.

నవంబర్ 13

సామాను వచ్చింది. రేపు రీపర్లు అతికిస్తాం. తుఫాను వస్తుందంటున్నారు. పురుడుకి ఇంకా రెండు వారాలుంది. సరిపోతుంది. సరిపోవాలి.

నవంబర్ 14, సాయంత్రం 7 గంటలు

ఇప్పుడే కూర్చున్నాను. అంతా రాయాలి, లేకపోతే కలనుకుంటాను.

పొద్దున్న యెల్లె పార్సిళ్ళ వ్యాను తీసుకుని పనికి పోయాడు. నేను బండి దగ్గర రీపర్లు కోస్తున్నాను. గాలి అప్పటికే మనిషిని తోస్తోంది. మధ్యాహ్నం హెస్టర్ వచ్చింది, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని, ఆ గాలిలో నడిచి. ఎందుకొచ్చావు అంటే, గోడ చూద్దామని అంది. బండెక్కి మంచం అంచు పట్టుకుని నిలబడింది. పిడికిళ్ళు తెల్లబడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు. ఎప్పటి నుంచి అని అడిగాను. తెల్లారగట్ట నుంచి అంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదే అన్నాను. చెబితే అక్కడికి తీసుకుపోతారు కదా నాన్నా అంది.

దాని కాళ్ళ దగ్గర నీళ్ళు. ముందు పైకప్పు వైపు చూశాను. మూర్ఖుణ్ణి. ఆ నీళ్ళు అవి కావు.

ఫెన్నాకి ఫోన్ చేస్తే నా నోటికి నా పేరే రాలేదు. అయినా ఆమెకి అర్థమైంది. వచ్చింది. చేతులు కడుక్కుని చూసి, హెస్టర్‌ని తిట్టింది. తెలివైనదానివి అనుకున్నాను, మొండిదానివి కూడానా, ఇప్పుడు కదిపితే దారిలోనే కంటావు, ఇక్కడే కనాలి అంది. అంబులెన్సు పిలిచింది. చెట్టు పడి రోడ్డు మూసుకుపోయింది, చుట్టు తిరిగి రావాలన్నారు. షెడ్డులోకి తీసుకెళ్దామా అన్నాను. నడవలేదు, మంచం ఎత్తు సరిగ్గానే ఉంది, హీటర్ పెంచండి, ఆ తువ్వాళ్ళు ఇటివ్వండి అంది.

అప్పుడు పెద్ద గాలి. వెనక రేకు లోపలికి ఉబ్బి ఢామ్మని మోగింది. మళ్ళీ బయటికి. మళ్ళీ లోపలికి. ఫెన్నా చెప్పేది హెస్టర్‌కి వినబడడం లేదు. ఆ మోత మధ్య దాని అరుపు నాకు వినబడింది. నాన్నా, ఆ చప్పుడు ఆపు నాన్నా.

బయటికి పరుగెత్తాను. పరుగెత్తి ఎన్నేళ్ళైందో. బండి వెనక్కి వెళ్ళి రెండు అరచేతులూ చాచి రేకుకి ఆనించాను. చాల్లేదు. ఛాతీ ఆనించాను, చెంప ఆనించాను. రేకు నా కింద కొట్టుకుని కొట్టుకుని, ఆగింది. వాన వీపు మీద రాళ్ళలా పడుతోంది. చెయ్యి కాస్త వదులు చేస్తే మళ్ళీ లేస్తోంది.

ఎక్కడి నుంచో సీమ్ వచ్చి నా పక్కన వీపు ఆనించి నిలబడ్డాడు. ఏం చేస్తున్నానో అడగలేదు. కాసేపయ్యాక, నేను షెడ్డు గోడకి ఆనుకుంటే పనిదొంగ అనేవాడివి, ఇప్పుడు చూడు, ఇద్దరం ఒళ్ళు వంచి గోడకి ఆనుకుంటున్నాం అన్నాడు. నోరుముయ్యరా వినబడడం లేదు అన్నాను.

నిజంగానే వింటున్నాను. ఆ రేకు అవతల, నా చెంపకి జానెడు దూరంలో నా కూతురు. ఫెన్నా గొంతు తెలుస్తోంది. మంచం కాళ్ళు దుంగల మీద కిర్రుమంటున్నాయి. ఒకసారి హెస్టర్ మడమ రేకుని తన్నింది. ఆ దెబ్బ నా పక్కటెముకల్లో తగిలింది.

తర్వాత ఏమీ లేదు.

గాలి ఉంది, వాన ఉంది. లోపల ఏమీ లేదు. ఫెన్నా గొంతు కూడా లేదు. ఆ రెండుసార్లూ ఇలాగే ఉంది, కర్టెన్ల బయట నిలబడినప్పుడు. సీమ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. దేవుడితో మాట్లాడలేదు. రేకుతో మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

అప్పుడు ఏడుపు. కీచుగా, కోపంగా. చెవిలోంచి కాదు, చెంప ఎముకలోంచి వినబడింది నాకు.

సీమ్, ఇంక వదలొచ్చురా అన్నాడు. నేను వదల్లేదు. వదిలితే ఆగిపోతుందని. చివరికి వాడే నా వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీశాడు.

ఆడపిల్ల. జుట్టు నల్లగా ఉంది. ఊపిరి బాగుంది అంది ఫెన్నా. మళ్ళీ చెప్పమన్నాను. బాగుంది తాతగారూ అంది. ఇంకోసారి చెప్పమన్నాను. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, తల్లీబిడ్డల్ని నా ఫ్లాట్‌కి చేర్చి వెళ్ళారు. యెల్లె తడిసిన కోడిలా పరుగెత్తుకొచ్చి పాపని చూసి నేల మీద కూర్చున్నాడు. ఈ మనిషి సంతోషమొచ్చినా దుఃఖమొచ్చినా నేల మీదే కూర్చుంటాడు.

నవంబర్ 16

పేరు వీట్‌స్కె. యెల్లె నానమ్మ పేరు. పలకడానికి నాకు పొద్దంతా పట్టింది. ఇప్పుడు ఆపలేకపోతున్నాను.

చూడడానికి వచ్చినవాళ్ళకి, ఆడపిల్ల పుడితే మా ఆనవాయితీ కాబట్టి, గులాబీ రంగు సోంపు మిఠాయి చల్లిన రస్కులు పెట్టాను. పక్కింటావిడ నాలుగు తిని, గోడ పల్చనండీ, అన్నీ వినబడతాయి అంది.

పాప తుమ్మితే లేచి కూర్చుంటున్నాను. నిద్రపోతే ఊపిరి ఉందా అని ముక్కు దగ్గర వేలు పెడుతున్నాను. హెస్టర్ కసురుకుంటోంది. పడుకో నాన్నా, అది గోడ కాదు, మాటిమాటికీ నొక్కి చూడ్డానికి అంటోంది.

నవంబర్ 20

రీపర్లు అతికించాం. జిగురు పూర్తిగా పట్టేదాకా ఆగాం. ఫోమ్ పలకలు సందు లేకుండా దూర్చాం. యెల్లె సైకిళ్ళు ఒక చిన్న ట్రెయిలర్ మీదికి మారాయి. గొట్టంతో నీళ్ళు కొట్టించి, నేను లోపల కూర్చుని, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా చూశాను. చుక్క రాలేదు. అయినా నమ్మకం లేదు. నాకిక ఏ గోడ మీదా నమ్మకం ఉండదు. రేపు ఫెన్నా వచ్చి చూస్తుంది.

నవంబర్ 22, శనివారం

ఫెన్నా సరేనంది. వాళ్ళు సోమవారం బండిలోకి వెళ్తున్నారు.

ప్లైవుడ్ మూసేముందు అందరినీ బయటికి పంపాను. కొత్త రీపరు మీద పెన్సిల్‌తో పాప పేరు, పుట్టిన రోజు రాశాను. మూసేశాను. ఇక ఆ గోడ మళ్ళీ విప్పితేనే అది కనబడుతుంది.

అది ఎవరి కంటా పడకూడదు.